ముందు కిడ్నీలు అన్నా, తడి సంగతి తర్వాత

డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు కాలికి పోయే నరాన్ని తెచ్చి మూత్రాశయం నరానికి కలిపి కుడతారట. కొన్నాళ్ళకు తొడ మీద గోకితే చాలు, మూత్రం వచ్చేస్తుందట. "చిన్నాయనకు ఇది చేయిద్దాం, డబ్బు సంగతి నాకు వదిలేయండి" అని కింద రాశాడు. గ్రూపంతా దండాలు, పూలు. నేను మాత్రం "వద్దన్నా" అని పెట్టాను. వెంటనే ఫోన్ వచ్చింది. ఎందుకు వద్దో చెప్పడానికి ఆ రాత్రి సరిపోలేదు. ఇలాంటి వీడియోలు ఇంకెన్ని ఇళ్ళ గ్రూపుల్లో తిరుగుతున్నాయో, అందుకని ఇక్కడ రాస్తున్నా.

చిన్నాయనది గీత వృత్తి. మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. వీపు మధ్యలో వెన్నుపూస చితికింది, బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు. నల్లగొండ, జనగామ వైపు గీత ఇళ్ళలో ఇది కొత్త కథ కాదు. చూడవచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న: మళ్ళీ నడుస్తాడా? ఒంటేలు సంగతి ఎవరూ అడగరు. అడగడానికి సిగ్గు, చెప్పడానికి ఇంకా సిగ్గు. వెన్ను విరిగినవాళ్ళ ఆయుష్షు చాలామటుకు అక్కడే తేలుతుందని మాకెవరూ చెప్పలేదు.

ముందు ఆ వీడియో సంగతి. అది షియావో ఆపరేషన్. షియావో చువాన్‌గువో అనే చైనా యూరాలజిస్టు కనిపెట్టాడు. ఆలోచన చూస్తే ముచ్చటేస్తుంది. వెన్నెముక లోపలే కాలికి పోయే నరం మూలాన్ని కోసి, మూత్రాశయానికి పోయే నరం మూలానికి కుడతారు. మెదడు నుంచి కబురు రాకపోయినా, చర్మం మీద గోకిన స్పర్శ వెన్నుపాములోకి పోయి, కాలిని కదపాల్సిన ఆజ్ఞ కాస్తా దారి మళ్ళి మూత్రాశయాన్ని పిండుతుందని లెక్క. నూటికి ఎనభై మందికి పైగా బాగవుతోందని ఆయన చెప్పుకున్నాడు. చైనాలో సైన్సు మోసాల మీద రాసే ఫాంగ్ షిమిన్ ఆ లెక్కలు నమ్మశక్యంగా లేవన్నాడు. 2010లో బీజింగ్ వీధిలో ఫాంగ్ మీద దాడి జరిగింది. కిరాయి మనుషుల్ని పెట్టించింది షియావోనే అని తేలి, కోర్టు ఐదున్నర నెలల నిర్బంధం విధించింది.

డాక్టరు చెడ్డవాడైతే ఆపరేషన్ చెడ్డదై పోదు కదా అన్నాడు అన్న. న్యాయమే. దానికి జవాబు కోర్టులో లేదు, ఫ్లోరిడాలో ఉంది. అక్కడి పిల్లల ఆస్పత్రిలో పుట్టుకతో వెన్నుపాము లోపం ఉన్న 20 మంది పిల్లల్ని తీసుకున్నారు. వెన్నుపాము చివర అతుక్కుపోయినందువల్ల వాళ్ళందరికీ ఎలాగూ దాన్ని విడదీసే ఆపరేషన్ చేయాల్సి ఉంది. చీటీలేసినట్టు సగం మందికి ఆ ఒక్కటే చేశారు, మిగతా సగానికి దాంతోపాటు షియావో పద్ధతిలో నరం కూడా కుట్టారు. ఎవరికి ఏది జరిగిందో అటు ఇంటివాళ్ళకూ తెలియదు, పరీక్షించేవాళ్ళకూ తెలియదు. 3 ఏళ్ళు చూశారు. 2016లో ఫలితం అచ్చయింది. నరం కుట్టిన పిల్లల్లో ఒక్కరికి కూడా తమంతట తాము మూత్రం పోయడం రాలేదు, తడి ఆగలేదు. కుట్టనివాళ్ళకూ అంతే.

"వాళ్ళది పుట్టుకతో వచ్చింది, చిన్నాయనది దెబ్బ. రెండూ ఒకటెట్లయితాయి?" అని అన్న పట్టు. ఒకటి కావు, నిజమే. కాకపోతే షియావో ఘనంగా చెప్పిన ఫలితాలు ఇలాంటి పిల్లలవి కూడా. గట్టిగా పరీక్షించిన చోట నిలవనిదాన్ని, ఎవరూ గట్టిగా పరీక్షించని చోట నమ్మమంటే ఎట్లా?

ఇంకో పెద్ద ఆశ ల్యాబులో పెంచిన మూత్రాశయం. ఆంథొనీ అటాలా బృందం 7 మంది పిల్లలకు, కుర్రాళ్ళకు వాళ్ళ సొంత కణాలతో పెంచిన మూత్రాశయం గోడను అతికించి, 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. ప్రపంచమంతా పేపర్లలో పతాక శీర్షికలు. ఆ తర్వాత ఒక కంపెనీ దాన్ని సరుకుగా చేయబోయి 10 మంది మీద పరీక్షించింది. మూత్రాశయం గట్టిదనం తగ్గలేదు సరికదా, ప్రమాదాలు హద్దు మీరాయి. 2014లో ఆ పేపరూ వచ్చింది, దానికి మాత్రం ఏ శీర్షికా లేదు.

ఇప్పుడు చిన్నాయన దగ్గరికి వస్తా. ఆస్పత్రివాళ్ళు ఫోలీ పైపు, అంటే మూత్రాశయంలోనే ఉండిపోయే పైపు, వేసి, బ్యాగు తగిలించి ఇంటికి పంపారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ నెలకోసారి మార్చేవాడు. కొన్నాళ్ళకు పైపు తీసేస్తే మూత్రం దానంతటదే రావడం మొదలైంది, ఉండి ఉండి చిమ్మినట్టు. ఇంట్లో పండగే. చిన్నమ్మ ఎల్లమ్మకు కల్లు సాక పోసింది. కండోమ్ పైపు తొడిగి కాలికి కట్టిన బ్యాగులోకి వదిలారు. చూపించుకోవడానికి పోతే డాక్టరు కూడా "వస్తోంది కదా, మంచిదే" అన్నాడు. ఏడాది తిరిగేసరికి మొహం ఉబ్బింది, అన్నం చూస్తే వాంతి. స్కాన్ తీస్తే రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి.

వస్తూనే ఉంది కదా, మరి కిడ్నీలెందుకు ఉబ్బినట్టు? నా వాదనంతా ఈ ప్రశ్న చుట్టే.

మెదడు కాండంలో ఒక చిన్న కేంద్రం ఉంది. 1925లో బారింగ్టన్ అనే బ్రిటిష్ డాక్టరు పిల్లుల మీద ప్రయోగాలు చేసి దాన్ని పట్టుకున్నాడు. మూత్రాశయం కండ పిండినప్పుడు కింద ద్వారం కండ వదులయ్యేలా చూడడం దాని పని. ఆ పొత్తు కుదిరితేనే మనం ధారగా పోయగలం. వెన్నుపాము వీపు దగ్గర దెబ్బతింటే పైనుంచి ఆజ్ఞ రాదు. మొదట్లో కొన్ని వారాలు మూత్రాశయం చచ్చుపడి ఉంటుంది. తర్వాత కింది వెన్నుపాము సొంతంగా పని మొదలుపెడుతుంది, పైవాడి మాట లేకుండా. మూత్రాశయం పిండుతుంది, అదే క్షణంలో ద్వారం బిగుసుకుంటుంది. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే మధ్యలో కాస్త చిమ్ముతుంది. మా ఇంట్లో పండగ చేసుకున్నది ఆ చిమ్మినదానికే. మిగిలింది లోపలే ఉండి, ఆ ఒత్తిడంతా పైకి, కిడ్నీల మీదికి పోయింది.

ఆ ఒత్తిడికి ఒక అంకె ఉంది. 1981లో ఎడ్వర్డ్ మెగ్వైర్ అనే అమెరికన్ యూరాలజిస్టు వెన్నుపాము లోపంతో పుట్టిన 42 మందిని పరీక్షించి రాశాడు. మూత్రాశయంలో ఎంత ఒత్తిడి దగ్గర మూత్రం కారుతోందో కొలిచాడు. 40 సెంటీమీటర్ల నీటిమట్టం లోపలే కారిపోయినవాళ్ళలో మూత్రం కిడ్నీలవైపు ఎగదన్నడం ఒక్కరిలో కూడా లేదు. 40 దాటితే తప్ప కారనివాళ్ళలో నూటికి 68 మందికి ఎగదన్నింది, 81 మందికి కిడ్నీ నుంచి వచ్చే గొట్టాలు ఉబ్బాయి. అంటే తొందరగా తడిసేవాడు బతికిపోయాడు, తడి లేకుండా పట్టి ఉంచుకున్నవాడి కిడ్నీలు పోయాయి. ఇంట్లోవాళ్ళకు తడిసిన దుప్పటి కనిపిస్తుంది గానీ ఈ ఒత్తిడి కనిపించదు. దాన్ని చూడాలంటే యూరోడైనమిక్ పరీక్ష చేయాలి. సన్నటి గొట్టం లోపలికి పోనిచ్చి, మెల్లగా నీళ్ళు నింపుతూ తెర మీద గీత చూస్తారు. చిన్నాయనకు చేసినప్పుడు నేను పక్కనే ఉన్నా. గీత 40 దాటి, 60 దాటి పోతోంది. ఆయనకు ఏమీ తెలియడం లేదు. "ఏం కనపడుతుంది బిడ్డా?" అని నన్నే అడుగుతున్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో ఎక్కువమంది ఇంటికి చేరలేదు. పుండ్లు, మూత్రం ఇన్ఫెక్షన్, కిడ్నీలు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ వార్డు తెరిచాకే లెక్క మారడం మొదలైంది. పారాలింపిక్స్‌కు ఆద్యుడిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. మూత్రం పైపును పనివాళ్ళ పని అనుకోకుండా, ప్రతిసారీ డాక్టరే చేయి తగలకుండా వేసి, ఖాళీ చేసి, తీసేయాలని పట్టుబట్టిన మనిషి కూడా ఆయనే. ఆటలకన్నా ఇది ఎక్కువమందిని బతికించిందని నా నమ్మకం.

ఆ తర్వాతి అడుగు ఇంకా సాదాసీదాది. 1972లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడెస్ ఒక పేపరు రాశాడు. స్టెరైల్ గ్లవ్స్ అక్కర్లేదు, డాక్టరూ అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కుని రోగి తనే పైపు వేసుకుని ఖాళీ చేసుకుని తీసేయొచ్చు అన్నాడు. ఆ రోజుల్లో యూరాలజిస్టులకు ఇది అపచారంలా తోచింది. పైపుతోపాటు క్రిములు పోవా? పోతాయి, పోనీండి అన్నాడు లాపిడెస్. మూత్రాశయం నిండి సాగిపోయి, గోడకు రక్తం అందనప్పుడే క్రిములు గెలుస్తాయి, వేళకు ఖాళీ అయితే గోడే తట్టుకుంటుందని ఆయన వాదన. యాభై ఏళ్ళకు పైగా గడిచింది. నరాల జబ్బుతో మూత్రాశయం ఖాళీ కానివాళ్ళకు, చేతులు పనిచేస్తే, ప్రపంచమంతా ముందుగా నేర్పేది ఇదే. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు.

చిన్నాయనకు ఇది చివరికి ఒక నర్సమ్మ నేర్పింది, ఓ మధ్యాహ్నం పూట. మంచం అంచున దిండు ఆనించి కూర్చోబెట్టింది. సబ్బుతో చేతులు, వేళ్ళ సందులు. పైపు కొసకు జెల్లీ. మధ్యలో ద్వారం దగ్గర పైపు ఆగితే తోయొద్దు, ఊపిరి వదులుతూ అలాగే పట్టుకుని ఉండు, అదే వదులవుతుంది అని చెప్పింది. కాసేపటికి గీతల మగ్గులో ధార పడింది. ఐదొందల గీత దాటింది. స్పర్శ లేకపోయినా ఆయన కళ్ళు ఆ మగ్గు మీదే. ఇప్పుడు మూత్రాశయం బిగువు తగ్గడానికి ఆక్సిబ్యుటినిన్ వేసుకుంటాడు, నోరెండిపోతోందని చెంబులకు చెంబులు నీళ్ళు తాగి లెక్క తప్పిస్తాడు, చిన్నమ్మతో తిట్లు తింటాడు. క్యాలెండర్ వెనక గీసిన గడుల్లో వేళ, కొలత రాస్తాడు. కిడ్నీల వాపు దిగింది.

నా గొడవ ఇక్కడే. నేర్పడానికి ఒక పూట పట్టింది. ఆ పూట దొరకడానికి ముందు కిడ్నీలు సగం పోయాయి.

పరిశోధన దండగ అంటున్నానని అన్న అపార్థం చేసుకున్నాడు. అలా అనను. ఈ రంగంలో నాకు బాగా నచ్చిన కథ మన మిరపకాయది. మామూలుగా మూత్రాశయం నిండిన కబురు ఒక రకం నరాల మీదుగా పోతుంది. వెన్నుపాము దెబ్బతిన్నాక, అంతవరకు పెద్దగా పని లేని సీ-ఫైబర్లు అనే సన్నటి నరాల పోగులు ఆ కబురు మోయడం మొదలుపెట్టి, కొత్త ప్రతిచర్యను పుట్టిస్తాయని పిట్స్‌బర్గ్‌లో డి గ్రోట్ బృందం పిల్లుల్లో చూపించింది. మిరప ఘాటైన క్యాప్సైసిన్ మంట పుట్టించేది ఆ సీ-ఫైబర్ల మీదే, మోతాదు పెరిగితే వాటి నోరు మూయిస్తుంది కూడా. అయితే దాన్నే మూత్రాశయంలో పోస్తే? 1992లో లండన్‌లో క్లేర్ ఫౌలర్ బృందం పోసి చూసింది. కొందరికి నెలల తరబడి తడి ఆగింది. గుంటూరువాళ్ళకు చెప్పనక్కర్లేదు, స్పర్శ మిగిలినవాళ్ళు మాత్రం భరించలేకపోయారు. తర్వాత మొరాకోలో పెరిగే ఒక జెముడు జాతి మొక్క నుంచి తీసిన రెసినిఫెరాటాక్సిన్‌ను ప్రయత్నించారు. ఘాటు ఎన్నో రెట్లు, మంట తక్కువ. తీరా అది ప్లాస్టిక్ గొట్టాలకు అంటుకుపోయి, లోపలికి ఎంత పోతోందో తెలియని పరిస్థితి. ఆ గొడవలో ఉండగానే కండను వదులు చేసే బోటాక్స్ సూది వచ్చి ఆ దారిని మూసేసింది.

బోటాక్స్ నిజంగా పనిచేసింది. 2000లో జ్యూరిక్‌లో బ్రిగిట్టె షుర్ష్ బృందం వెన్నుపాము దెబ్బతిన్న కొద్దిమందికి మూత్రాశయం గోడలో సూదులేసి చూసింది. 6 వారాల తర్వాత పరీక్షకు వచ్చిన 19 మందిలో 17 మందికి తడి పూర్తిగా ఆగింది. ఆ తర్వాత పెద్ద పరీక్షలు, ఉత్తుత్తి సూదితో పోల్చి చూసినవి, జరిగాయి. వాటిలోనూ నిలిచింది కాబట్టే 2011లో అమెరికా అనుమతి వచ్చింది. షియావోకూ దీనికీ తేడా అదే. అయితే బోటాక్స్ మూత్రాశయాన్ని పడుకోబెడుతుంది, ఖాళీ చేయదు. ఖాళీ చేయడానికి మళ్ళీ లాపిడెస్ పైపే. కొన్ని నెలలకోసారి మళ్ళీ పొడవాలి, మందుకే పదివేలల్లో అవుతుంది. మాత్రలు పడనివాళ్ళకు, మాత్రలతో ఒత్తిడి దిగనివాళ్ళకు తప్పదు. మొదటి మెట్టు మాత్రం అది కాదు.

మరి మాలాంటి ఇళ్ళకు ఏ పరిశోధన కావాలి? ఒక్కసారి లెక్క వేయండి. రోజుకు 5 సార్లు, ప్రతిసారీ కొత్త పైపు, నెలకు 150. సాదా పైపు 30 రూపాయలే అనుకున్నా 4,500. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016. అమెరికాలో మెడికేర్ అనే సర్కారు బీమా 2008 నుంచి నెలకు 200 పైపుల దాకా భరిస్తోంది. ఇక్కడ మా చిన్నాయన ఒకే పైపును కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి వారాల తరబడి వాడతాడు. తప్పా? ఇది తేల్చాల్సిన చోటే సైన్సు నీళ్ళు నమిలింది. 2014లో, జరిగిన పరీక్షలన్నీ కలిపి తూచే కాక్రేన్ సమీక్ష ఒకటి కొత్త పైపుకూ కడిగిన పైపుకూ ఇన్ఫెక్షన్లలో గట్టి తేడా కనపడలేదంది. అందులో వాడిన లెక్కల్లో తప్పులున్నాయని వేరే పరిశోధకులు ఎత్తిచూపాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. నరం కుట్టే ఆపరేషన్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఈ డబ్బా మీద పెడితే, ఎన్నిసార్లు కడగొచ్చు, దేంతో కడగాలి, ఏ రోజు పారేయాలి అనే మాట ఒక కాగితం మీద రాసి చేతికిచ్చేవాళ్ళు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. మగవాడు మంచం మీద కూర్చుని పని కానిచ్చేస్తాడు. ఆడమనిషి కాళ్ళు విడదీసుకోవాలి, అద్దం కావాలి, తలుపున్న గది కావాలి, బయటికి పోతే వీల్‌చైర్ పట్టే బాత్రూమ్ కావాలి. ఇవేవీ లేక చాలామందికి జన్మంతా ఫోలీ పైపే గతి. బ్యాగు పట్టుకుని పెళ్ళిళ్ళకు పోలేక ఇంట్లోనే ఉండిపోతారు. పైపు ఎంచే ముందు ఆ ఇంటి బాత్రూమ్ ఎట్లా ఉందని అడిగే డాక్టరును నేనింకా చూడలేదు.

మూత్రం కాస్త మడ్డిగా కనిపిస్తే చాలు యాంటీబయాటిక్ సూది పొడిచే అలవాటు ఇంకొకటి. పైపు వాడేవాళ్ళ మూత్రంలో క్రిములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. జ్వరం, చలి, ఒంట్లో కొత్త బిగువు లాంటివి లేకపోతే వాటి జోలికి పోకూడదు. బ్రిటన్‌లో పైపు వాడుతూ మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చే 404 మంది మీద జరిగిన పరీక్ష 2018లో వచ్చింది. రోజూ చిన్న మోతాదు యాంటీబయాటిక్ ఇస్తే ఇన్ఫెక్షన్లు 48 శాతం తగ్గాయి, దాంతోపాటు మందుకు లొంగని క్రిములు పెరిగాయి. ఆర్‌ఎంపీకి ఈ రెండో సగం ఎవరు చెప్పాలి?

ఇది గీత ఇళ్ళ గోడు ఒక్కటే అనుకోవద్దు. షుగర్ ముదిరి నరాలు మొద్దుబారినవాళ్ళు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు, ఎంఎస్ అనే నరాల జబ్బు ఉన్నవాళ్ళు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముక పెరిగి వెన్నుపాము నలిగినవాళ్ళు, అందరిదీ ఏదో ఒక రూపంలో ఇదే బాధ. మనుషుల్లో ఆ ఫ్లోరైడ్ జబ్బును మన దేశంలో మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ళ నుంచే. మూత్రాశయం ఒక్కొక్కరిలో ఒక్కోలా చెడుతుంది కాబట్టి పక్కింటాయన మందు చీటీ ఇక్కడ పనికిరాదు. ఒత్తిడి ఎంత, ఖాళీ అయ్యాక ఎంత మిగులుతోంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి: ఈ మూడూ ఎవరిది వాళ్ళకు కొలవాల్సిందే.

అన్న చివరికి, సరే, ఆ డబ్బుతో ఏం చేద్దామన్నాడు. ఏడాదికి సరిపడా పైపులు, జెల్లీ కొనిపెట్టమన్నా. చిన్నాయనకు అదే ఎక్కువ. మిగతావాళ్ళకు అన్న డబ్బు చాలదు, అది సర్కారు పని. 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తెలంగాణ ప్రభుత్వం సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, మంచి పని. కవచం రాకముందు పడ్డవాళ్ళు ఇంకా మంచాల్లోనే ఉన్నారు. దివ్యాంగుల సర్టిఫికెట్ ఇచ్చే చోటే యూరోడైనమిక్ పరీక్షకు చీటీ రాయాలి, ఆరు నెలలకోసారి కిడ్నీల స్కాన్ ఉచితంగా తీయాలి, పింఛనుతోపాటు నెలకు సరిపడా పైపులు ఇవ్వాలి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేసే ముందు ఆ నర్సమ్మ లాంటి మనిషి ఒక పూట కూర్చుని, రోగికీ, ఇంట్లో ఒకరికీ పైపు వేయడం నేర్పందే కాగితం మీద సంతకం పెట్టకూడదు.